పదకొండేళ్లు మోసిన ట్యూబు ఇప్పుడెందుకు పగిలింది? క్రీప్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ముత్తుకూరు కుర్రోడు · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను బాయిలర్ ఇన్‌స్పెక్షన్ చేసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఇప్పుడు ఒక థర్మల్ ప్లాంటులో షట్‌డౌన్ పని మీద ఉన్నాను, ప్లాంటు పేరు రాయను. వారం కిందట సూపర్‌హీటర్ (ఆవిరిని ఇంకా వేడెక్కించే భాగం) కాయిల్‌లో ఒక ట్యూబు పగిలి యూనిట్ ఆగిపోయింది. కోసి తీసిన ముక్క ఈరోజు నా చేతికొచ్చింది.

డ్రాయింగ్‌లో టీ22 అని ఉంది, అంటే 2.25 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం. బయటి వ్యాసం 51 మి.మీ., మందం 7 మి.మీ. ఆవిరి 540 డిగ్రీలు, పీడనం సుమారు 170 బార్. నిలువుగా జానెడు చీలిక. అంచులు పల్చబడలేదు, మందంగానే ఉన్నాయి. చీలిక చుట్టూ బయటి పొలుసు (ఆక్సైడ్ పొర) మీద దగ్గర దగ్గరగా నిలువు పగుళ్లు, అచ్చం ముసలి తుమ్మచెట్టు బెరడులా. చీలికకు కాస్త పైన కాలిపర్ పెడితే 52.8 వచ్చింది. పక్క ట్యూబులు రెండూ 51.1 దాటలేదు.

నాకు అర్థం కానిది ఇదీ. లెక్క వేస్తే గోడ మీద ఒత్తిడి 53 మెగాపాస్కల్స్. ఈ స్టీలు చల్లగా ఉన్నప్పుడు 205 వరకూ సాగకుండా నిలబడుతుంది. అంటే నాలుగో వంతు బరువే మోస్తోంది. యూనిట్ నడిచింది 82 వేల గంటలే, లక్ష కూడా కాలేదు. పీడనం ఎన్నడూ హద్దు దాటలేదని కంట్రోల్ రూమ్ రికార్డు చూపించారు. మరి ఎందుకు పగిలినట్టు?

పెన్నా గట్టు · సోమవారం, రాత్రి 10:05

రికార్డులో పడకుండా ఒక్క క్షణం పీడనం ఎగిరి ఉంటుంది. లేకపోతే ట్యూబులోనే తయారీ లోపం ఉండి ఉంటుంది.

కావలి పెద్దాయన · సోమవారం, రాత్రి 11:30

పెన్నా గట్టు గారూ, ఒక్క క్షణం ఎగిరిన పీడనం ట్యూబును 51 నుంచి 52.8కి ఉబ్బించదు. మూడున్నర శాతం ఉబ్బడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా మెటలర్జీ ల్యాబుల్లో పగిలిన ట్యూబులు చూసినవాణ్ణి. అంచులు కత్తిలా పల్చబడి, చేప నోరు తెరిచినట్టు పగిలితే అది కొద్ది గంటల్లోనో నిమిషాల్లోనో విపరీతంగా వేడెక్కిన ట్యూబు. అంచులు మందంగా ఉండి పొలుసు బెరడులా చీలితే అది నిదానంగా, చాలాకాలం సాగిన ట్యూబు. ముత్తుకూరు అబ్బాయి చెప్పిన గుర్తులన్నీ రెండో రకానివే.

నాయనా, రోహిణి కార్తెలో కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీద బొగ్గు లారీలు బారులు తీరి నిలబడటం చూసే ఉంటావు. కదిలే లారీ కింద తారు చెక్కుచెదరదు. అదే లారీ అదే బరువుతో మిట్టమధ్యాహ్నం నాలుగు గంటలు నిలబడితే టైరు కింద గాడి పడుతుంది. బరువు మారలేదు, రోడ్డూ మారలేదు. వేడి, సమయం కలిశాయి అంతే. స్టీలుకూ అంతే, కాకపోతే దాని రోహిణి కార్తె వేరే చోట మొదలవుతుంది. కరిగే ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకుంటే అందులో నలభై శాతం దాటిన దగ్గర్నుంచి లోహాలు ఇలా సాగడం మొదలుపెడతాయి. స్టీలు కరిగేది దాదాపు 1800 కెల్విన్ దగ్గర. నీ 540 డిగ్రీలు అంటే 813 కెల్విన్, నలభై ఐదు శాతం. కాబట్టి నువ్వు 205తో పోల్చి చూసిన లెక్క ఆ వేడిలో పనికిరాదు. అక్కడ ‘ఎంత మోస్తుంది’ అని అడగకూడదు, ‘ఎంతకాలం మోస్తుంది’ అని అడగాలి.

దీన్నే క్రీప్ అంటాం. బరువు పెట్టగానే కాస్త వేగంగా సాగి నెమ్మదిస్తుంది, అది మొదటి దశ. తర్వాత ఏళ్ల తరబడి ఒకే నిదానపు వేగంతో సాగుతుంది, జీవితకాలంలో ఎక్కువ భాగం ఇక్కడే గడుస్తుంది. చివర్లో లోపల సూక్ష్మమైన రంధ్రాలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి, వేగం పుంజుకుని తెగిపోతుంది. సీసపు తీగల మీద ఈ సాగుడును 1910లోనే ఆండ్రేడ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కొలిచి చూపించాడు.

ఒంగోలు బీటెక్ · మంగళవారం, ఉదయం 7:15

సార్, నేను మెటలర్జీ మూడో సంవత్సరం. మాకు గ్రాఫ్ గీసి మూడు దశలు చెప్పారు. లోపల ఏం జరుగుతుందో మాత్రం సరిగ్గా పట్టుబడలేదు. క్రోమియం, మాలిబ్డినం వేస్తే ఎందుకు ఆగుతుంది? ఆగేటట్టయితే మళ్లీ ఎందుకు సాగుతుంది?

కావలి పెద్దాయన · మంగళవారం, ఉదయం 8:50

లోహం వంగాలన్నా సాగాలన్నా స్ఫటికాల్లోని డిస్‌లొకేషన్లు అనే తప్పు వరసలు జరగాలి. వాటి దారిలో అతి చిన్న కార్బైడ్ రేణువులు రాటల్లా పాతుకుని ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపూ డిస్‌లొకేషన్ రాట దగ్గరే ఆగిపోతుంది. వేడెక్కితే పరమాణువులు కదులుతాయి, ఖాళీలు (పరమాణువు లేని చోట్లు) చేరతాయి, డిస్‌లొకేషన్ రాట మీదుగా ఎక్కి అవతలికి దిగిపోతుంది. ఎక్కడానికి టైం పడుతుంది, అందుకే ఆ నిదానం. మాలిబ్డినం ఇనుములో కలిసిపోయి పరమాణువుల కదలికను బరువెక్కిస్తుంది, కార్బైడ్లలోనూ చేరుతుంది. క్రోమియం కార్బైడ్లను నిలబెడుతుంది, పొలుసు పట్టకుండా కూడా కాపాడుతుంది.

అయితే ఆ రాటలు శాశ్వతం కాదు. చేపల పులుసు రాత్రికి దించి పెట్టి తెల్లారి చూస్తే పైన నూనె చుక్కలు చిన్నవి పోయి పెద్దవి నాలుగైదు తేలుతుంటాయి కదా. కార్బైడ్ల సంగతీ అంతే. వేల గంటలకు చిన్న రేణువులు మాయమై పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. రాటల సంఖ్య తగ్గి వాటి మధ్య దూరం పెరుగుతుంది. డిస్‌లొకేషన్లకు దారి ఖాళీ.

ఒంగోలు బీటెక్ · మంగళవారం, ఉదయం 9:20

సార్, చిన్న సందేహం. నూనె చుక్కలు ఒకదానికొకటి తగిలి కలుస్తాయి. కార్బైడ్లు కదలవు కదా?

కావలి పెద్దాయన · మంగళవారం, ఉదయం 9:34

మంచి ప్రశ్న, నా పోలిక అక్కడ సరిపోదు. కార్బైడ్లు ఉన్నచోటే ఉంటాయి. చిన్న రేణువు నుంచి క్రోమియం, కార్బన్ పరమాణువులు విడిపోయి ఇనుములో కరిగి, ప్రయాణం చేసి పెద్ద రేణువు మీద చేరతాయి. పులుసులో చుక్కకు చుక్క తగులుతుంది, ఇక్కడ పరమాణువు వలస పోతుంది. పరీక్షలో ఇలాగే రాయి.

మైక్రోస్కోపులో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కొత్త స్టీలులో పెర్లైట్ అనే భాగం పొరలు పొరలుగా, వేలిముద్ర గీతల్లా కనిపిస్తుంది. లక్ష గంటలు నడిచిన ముక్కలో ఆ గీతలు తెగి, గుండ్రటి చుక్కలుగా మారి, గింజల (స్ఫటికాల) సరిహద్దుల వెంట పోగుపడి ఉంటాయి. ఆ మార్పు చూసి ట్యూబు వయసు చెప్పగలం.

బుచ్చి మిల్లు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రైస్ మిల్లు. ఉప్పుడు బియ్యానికి ఊకతో నడిచే బాయిలర్ ఉంది, 10 కేజీల పీడనం. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది. మాకూ ఈ సమస్య వస్తుందా?

కావలి పెద్దాయన · మంగళవారం, మధ్యాహ్నం 1:45

10 కేజీల ఆవిరి 184 డిగ్రీలే. ఆ వేడికి మామూలు కార్బన్ స్టీలుకు కూడా క్రీప్ ఉండదు, నిశ్చింతగా ఉండండి. మీ శత్రువు నీళ్లు. గట్టి నీళ్లు వాడితే ట్యూబు మీద సున్నపు పొర కడుతుంది, ఆ పొర వెనక లోహం మాత్రం నీళ్ల చల్లదనం అందక 184 దాటి ఎక్కడికో పోతుంది. నీళ్ల గట్టితనం తీసే సాఫ్ట్‌నర్‌కు రీజనరేషన్ ఎప్పుడెప్పుడు చేశారో పుస్తకంలో రాసి పెట్టుకోండి. నీటి మట్టం చూపే గేజి గ్లాసు రోజూ బ్లో చేయించండి.

(గేజి గ్లాసు అంటే గుర్తొచ్చింది. పెద్ద పీడనం బాయిలర్లలో ఆ గాజును క్షారపు నీళ్లు తినేయకుండా లోపల అభ్రకం రేకు పెడతారు. మన గూడూరు, సైదాపురం గనుల అభ్రకం అలాంటి పనులకే విదేశాలకు వెళ్లింది. మన నెల్లూరు ప్రాంతానికి బాయిలర్లతో అనుబంధం ప్లాంట్లు రాక ముందు నుంచే ఉంది.)

ముత్తుకూరు కుర్రోడు · మంగళవారం, రాత్రి 8:20

సార్, ఇప్పుడు అర్థమవుతోంది. కానీ డిజైన్ చేసినవాళ్లు ఇదంతా లెక్క వేసే ఇచ్చారు కదా. లక్ష గంటలకు ముందే ఎందుకు పోయింది? 82 వేల గంటల్లో ఎక్కువ భాగం 540 దగ్గరే ఉంది. అప్పుడప్పుడూ 550 వరకూ వెళ్లిందట, పది డిగ్రీలే కదా అన్నారు.

కావలి పెద్దాయన · మంగళవారం, రాత్రి 10:15

‘పది డిగ్రీలే కదా’ అన్న మాట నా ఉద్యోగకాలంలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒకసారి లెక్క వేద్దాం, కాగితం తీసుకో.

లార్సన్, మిల్లర్ అని ఇద్దరు 1952లో ఒక సూత్రం ఇచ్చారు. ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకుని, దాన్ని 20 ప్లస్ గంటల లాగరిథంతో గుణిస్తే, ఒకే ఒత్తిడికి వచ్చే సంఖ్య మారదు. 540 డిగ్రీల్లో లక్ష గంటలు బతికే స్టీలు అనుకో. లక్షకు లాగరిథం 5, దానికి 20 కలిపితే 25. 813ని 25తో గుణిస్తే 20,325. అదే స్టీలు 550లో ఉంటే 20,325ని 823తో భాగించు, 24.7 వస్తుంది. 20 తీసేస్తే 4.7. ఇది లాగరిథం, తిరిగి గంటల్లోకి మారిస్తే సుమారు 50 వేల గంటలు. పది డిగ్రీలకు ఆయుష్షు సగం. ఇరవై డిగ్రీలకు వేసి చూడు, పాతిక వేలు మిగులుతుంది.

ఇక్కడ 540 అనేది ఆవిరి వేడి. ట్యూబు గోడ అంతకంటే వేడిగా ఉంటుంది. ఆవిరి తగిలే లోపలి ముఖం మీద ఏళ్ల తరబడి మాగ్నటైట్ పొలుసు పెరుగుతుంది, అది వేడిని సరిగ్గా దాటనివ్వదు. పొలుసు మందమైన కొద్దీ గోడ వేడెక్కుతుంది, గోడ వేడెక్కిన కొద్దీ పొలుసు ఇంకా వేగంగా పెరుగుతుంది. బయటి నుంచి బూడిద రాపిడి గోడను అరగదీస్తుంది. 7 మి.మీ. మందం 6 అయితే నీ 53 మెగాపాస్కల్స్ 64 అవుతుంది. ఇరవై శాతం పెరిగితే ఏముందిలే అనుకోకు. ఈ స్టీళ్లలో సాగే వేగం ఒత్తిడికి ఐదో ఘాతం దరిదాపుల్లో పెరుగుతుంది, అంటే రెండున్నర రెట్లు.

కాబట్టి నాకు మూడు విషయాలు కావాలి. లోపలి పొలుసు మందం ఎంత, పగిలిన చోట మిగిలిన గోడ ఎంత, కింది బెండులో ఊడిన పొలుసు రాలి ఆవిరి దారికి అడ్డం పడిందేమో ఎక్స్‌రే తీశారా.

గూడూరు ఆర్గాన్ · బుధవారం, రాత్రి 11:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను చదువుకున్నది తక్కువ, ఇరవై రెండేళ్లుగా హై ప్రెషర్ వెల్డర్‌ని. పెద్దాయన చెప్పిన లెక్కలన్నీ ప్రాణం పెట్టి చదివాను.

తమ్ముడూ, నీ మొదటి పోస్టులో ఒక మాట ఎవరూ పట్టుకోలేదు. పక్క ట్యూబులు రెండూ 51.1 దగ్గరే ఉన్నాయన్నావు. మంట అదే, ఆవిరి అదే, వయసూ అదే. మరి ఇదొక్కటే ఎందుకు ఉబ్బింది? ఎక్స్‌రేలో బెండు శుభ్రంగా ఉంటే ఆ ముక్కకు గన్ (లోహంలో ఏ మూలకం ఎంతుందో చూపే చేతి మెషీన్) పెట్టించు. దాని ఒంట్లో ఏముందో చూడు.

ఎందుకంటున్నానో చెబుతాను. షట్‌డౌన్‌లో స్టోర్ నుంచి ట్యూబులు వస్తాయి. చివర రంగు గీత ఉంటుంది, ఫలానా గ్రేడ్ అని. రంగున్న వైపు ముక్క ఎవరో వాడేస్తారు, మిగిలిన ముక్కకు గుర్తు ఉండదు. క్రోమియం, మాలిబ్డినం తక్కువుండే టీ11, మన టీ22 కంటికి ఒకటే, గ్రైండింగ్ చేస్తే రవ్వలు కూడా మనకు తేడా తెలియనంత దగ్గరగా ఉంటాయి. అర్ధరాత్రి యూనిట్ లైటప్ చేయాలని అందరూ తల మీద నిలబడి ఉంటే వెల్డర్ చేతికి ఏది ఇస్తే అది వేస్తాడు.

ఒంగోలు బీటెక్ · గురువారం, ఉదయం 6:55

అన్నా, ఇన్ని తలనొప్పులెందుకు, అన్నిటికీ పీ91 పైపులు, టీ91 ట్యూబులు వేసేస్తే సరిపోదా? 9 శాతం క్రోమియం, వెనేడియం, నియోబియం, నైట్రజన్ అన్నీ ఉంటాయి. టీ22 కంటే చాలా బలం అని చదివాం.

గూడూరు ఆర్గాన్ · గురువారం, రాత్రి 9:10

బలమే, కాదనను. కానీ అది చాలా సున్నితమైన పిల్ల తమ్ముడూ. నా కళ్ల ముందు జరిగింది చెబుతాను.

ఒక సైటులో పెద్ద పీ91 స్టీమ్ లైన్ జాయింట్. 200 డిగ్రీలు దాటించి ప్రీహీట్ ఇచ్చి రెండు షిఫ్టులు వెల్డింగ్ చేశాం. వెల్డింగ్ అయ్యాక నిదానంగా 100 డిగ్రీల లోపుకి దించి, లోపలంతా మార్టెన్‌సైట్ (గట్టి స్ఫటిక నిర్మాణం) అయ్యాక, మళ్లీ 760 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాచాలి. రాత్రి రెండింటికి వేడిని కొలిచే థర్మోకపుల్ వైరు ఒకటి పైపు మీద నుంచి ఊడింది. ఊడిన వైరు చల్లటి గాలిని కొలుస్తుంది కదా, మెషీన్ ‘వేడి చాలలేదు’ అనుకుని ఇంకా కరెంటు తోసింది. తెల్లారి చార్టు చూస్తే గీత అద్దంలా ఉంది, 760 దగ్గర తిన్నగా. పైపు మాత్రం ఎంత వేడికి వెళ్లిందో దేవుడికెరుక.

నాకు అనుమానమొచ్చి హార్డ్‌నెస్ చూడమన్నాను. 190 నుంచి 250 మధ్య ఉండాల్సింది 165 వచ్చింది. మెత్తబడిపోయింది. ‘లీకు లేదు, క్రాకు లేదు, రేడియోగ్రఫీ క్లియర్, వదిలెయ్’ అన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. రెండు రోజులు గొడవ. చివరికి జాయింటు మొత్తం కోసి, మెత్తబడ్డ పైపు కూడా తీసేసి, కొత్త ముక్క వేసి మళ్లీ చేశాం. ఆ రోజు వదిలేసి ఉంటే ఈ రోజుకీ బాగానే కనిపిస్తుండేదేమో. ఎనిమిదో ఏటో పదో ఏటో ఆ పక్క నుంచి ఎవడు నడుస్తుంటాడో అని నాకు భయం.

కావలి పెద్దాయన · గురువారం, రాత్రి 10:40

గూడూరు తమ్ముడికి నా దండాలు. అలాంటి సంతకం పెట్టకపోవడం చాలా పెద్ద పని. 1985లో అమెరికాలో మొహావీ అనే పవర్ స్టేషన్‌లో వేడి రీహీట్ పైపు నిలువు వెల్డు వెంట చీలి ఆరుగురు చనిపోయారు. ఆ వెల్డు ఏళ్ల తరబడి లోలోపల క్రీప్‌తో దెబ్బతింటూ వచ్చింది.

ఒంగోలు అబ్బాయికి ఇంకొంచెం. పీ91ని 1970ల చివర్లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ల్యాబులో ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్ల కోసం తయారుచేశారు. మన పక్కనే కల్పాక్కంలో ఫాస్ట్ బ్రీడర్ ఆవిరి జనరేటర్లకు ఈ కుటుంబపు స్టీలే వాడారు. దాని బలమంతా నానో సైజు వెనేడియం, నియోబియం నైట్రైడ్ రేణువుల్లో, మార్టెన్‌సైట్ సన్నటి పలకల్లో ఉంది. చాలాకాలం వేడిలో ఉంటే లేవ్స్ ఫేజ్ అనే ముద్దలు పుట్టి మాలిబ్డినాన్ని లాక్కుంటాయి. ఇంకా తర్వాత జెడ్ ఫేజ్ పుట్టి ఆ సన్న రేణువులనే మింగేస్తుంది. పది వేల, ఇరవై వేల గంటల పరీక్షలు చూసి గీత పొడిగించి బలం అంచనా వేసినప్పుడు ఈ మార్పు ఆ గీతలో కనిపించలేదు. అందుకే 9 నుంచి 12 శాతం క్రోమియం స్టీళ్లలో కొన్నిటికి అంచనాలు తర్వాత తగ్గించుకోవాల్సి వచ్చింది.

వెల్డు పక్కన వేడి తగిలిన సన్నటి పట్టీ ఉంటుంది, గింజలు చిన్నవై మెత్తబడ్డ చోటు. పీ91లో పగులు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. టైప్ ఫోర్ అంటారు. పైపూ వెల్డూ బాగుండి, మధ్య పట్టీలోంచి తెగుతుంది. కాబట్టి పీ91 వేశాం కదా అని కళ్లు మూసుకోవడానికి లేదు.

పెన్నా గట్టు · శుక్రవారం, ఉదయం 8:05

మరి పూర్తికాలం పరీక్ష ఎవరైనా చేశారా? అంతా గీత పొడిగించడమేనా?

కావలి పెద్దాయన · శుక్రవారం, ఉదయం 8:40

చేశారు. జపాన్‌లో ఇప్పుడు ఎన్‌ఐఎంఎస్ అని పిలిచే సంస్థ 1969 జూన్‌లో ఒక కార్బన్ స్టీలు కడ్డీని 400 డిగ్రీల్లో, 88 మెగాపాస్కల్స్ ఒత్తిడిలో వేలాడదీసింది. 2011 ఫిబ్రవరిలో అది అప్పటి వరకూ ఉన్న ప్రపంచ రికార్డు దాటింది. నలభై ఒక్క ఏళ్లు! మొదలుపెట్టినవాళ్లు రిటైరయ్యాక కూడా తర్వాతివాళ్లు కొలత రాస్తూనే వచ్చారు. నేను ఈ రంగంలో ఎక్కువగా గౌరవించేది ఆ కొలత పుస్తకాన్నే.

ముత్తుకూరు కుర్రోడు · ఆదివారం, రాత్రి 7:30

అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది.

బెండు ఎక్స్‌రే తీశాం, లోపల ఏమీ లేదు. పగిలిన చోట గోడ 6.3 ఉంది. లోపలి పొలుసు 0.55 మి.మీ., పక్క ట్యూబుల్లో 0.25 లోపే. అప్పుడే గూడూరు అన్న మాట గట్టిగా గుర్తొచ్చింది. ప్లాంటువాళ్లను బతిమాలి నిన్న గన్ తెప్పించాను. తుప్పు లేకుండా గ్రైండ్ చేసి మూడు చోట్ల పెట్టాం. క్రోమియం 1.21, 1.19, 1.22. మాలిబ్డినం సగం శాతం. టీ22 కానే కాదు, టీ11. పక్క ట్యూబుల్లో 2.2 పైన వచ్చింది.

ముక్కను జాగ్రత్తగా చూస్తే పైన ఒక మీటరు దూరంలో పాత షాప్ వెల్డుకు పోలిక లేని ఇంకో వెల్డు కనిపించింది. పాత మెయింటెనెన్స్ రిజిస్టర్ వెతికించాం. ఏడేళ్ల కిందట లీకు వచ్చి ఒకటిన్నర మీటరు ముక్క మార్చినట్టు ఒకే ఒక్క లైను ఉంది. హీట్ నంబరు (ఏ స్టీలు పోతదో చెప్పే గుర్తు) గడి ఖాళీ. అంటే ఈ ముక్క మోసింది 82 వేల గంటలు కూడా కాదు, యాభై వేల చిల్లర.

కావలి పెద్దాయన · ఆదివారం, రాత్రి 8:15

గూడూరు తమ్ముడు చూసింది నేను చూడలేదు. పక్క ట్యూబుల కొలత కళ్ల ముందే పెట్టుకుని బెండులో పొలుసు వైపు వెళ్లాను.

నాయనా, ఆ ఒక్క ముక్కతో ఆపకు. ఆ షట్‌డౌన్‌లోనే ఇంకెన్ని ముక్కలు మార్చారో రిజిస్టర్‌లో చూసి ఒక్కొక్కదానికీ గన్ పెట్టించు. ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) ప్రకారం లక్ష గంటలకు ఆయుష్షు పరీక్ష ఎలాగూ చేస్తారు, అప్పటిదాకా ఆగొద్దు. హెడర్ల (ట్యూబులన్నీ కలిసే పెద్ద పైపుల) వెల్డుల దగ్గర రెప్లికా తీయించు. అద్దంలా పాలిష్ చేసి, యాసిడ్‌తో తేలిగ్గా తోమి, అసిటేట్ ఫిల్మ్‌ను అసిటోన్‌తో తడిపి అంటిస్తే లోహం ముద్ర దాని మీద పడుతుంది. రంధ్రాలు విడివిడిగా ఉంటే ఇంకా టైముంది. ఒకే వరసలో గొలుసు కట్టి ఉంటే త్వరగా మళ్లీ చూడాలి. కలిసి చిన్న పగులైతే మార్చడం గురించి ఆలోచించాలి.

గూడూరు ఆర్గాన్ · ఆదివారం, రాత్రి 10:25

తమ్ముడూ, కొత్త ముక్క వేసేటప్పుడు ఫిల్లర్ రాడ్‌కు కూడా గన్ పెట్టించు. ట్యూబు సరిగ్గా తెచ్చి రాడ్ తప్పు వాడిన జాయింట్లూ చూశాను. రాడ్ డబ్బా మీద రాసింది నమ్మొద్దు, డబ్బాలో రాడ్లు కలిసిపోతాయి.

ముత్తుకూరు కుర్రోడు · సోమవారం, ఉదయం 5:50

సరే అన్నా. రిజిస్టర్‌లో ఆ షట్‌డౌన్‌లో మార్చినవి ఇంకో తొమ్మిది ముక్కలు దొరికాయి. ఈ రోజు స్కాఫోల్డింగ్ కడుతున్నారు, మొదటి మూడింటికి మధ్యాహ్నం లోపు గన్ పెడతాం. పగిలిన ముక్క స్క్రాపులోకి పోకుండా నా టూల్ బాక్సులో దాచాను. అంకెలు రాగానే ఇక్కడే రాస్తాను.